అతుకు ఉన్నచోటే కోత

మా విండ్‌వర్డ్ ఒడ్డున కొత్త పడవ పేరు అది నీళ్లలో దిగే రోజునే ఊరికి తెలియాలి. మొదటి దుంగ వాల్చిన రోజు నుంచి ఆఖరి మేకు దిగేదాకా ఏడాది పట్టినా రెండేళ్లు పట్టినా, ఇసుక మీద పెరుగుతున్న దాన్ని అందరూ ఫలానావాడి పడవ అనే అంటారు. అసలు పేరు యజమాని కడుపులో ఉంటుంది. పెళ్లాం అడిగినా బయటపెట్టడు. ముందే పొక్కితే ఆ పేరుని గాలి పట్టుకుపోతుందని మా పెద్దవాళ్లు నమ్మేవారు. నేను పడవలు కట్టేవాణ్ని, గాలి ఏం చేస్తుందో నాకు తెలియదు. పేరు పొక్కిన పడవ దించే రోజున జనం సగం మందే వస్తారని మాత్రం చూశాను. పేరు వినాలన్న ఆశతోనే చాలామంది వస్తారు. లాగే చేతులు తక్కువైతే పడవ ఇసుకలోనే కూర్చుంటుంది.

అయినా యజమాని కాక ఇంకొక మనిషికి ఆ పేరు చేరక తప్పదు. చర్చిలో జ్ఞానస్నానం నాడు బిడ్డకి పెట్టినట్టే పడవకీ జ్ఞానతల్లిని పెడతాం. ఆవిడ తాడు లాగగానే తెరచాప కొయ్య మీద పేరున్న జెండా విచ్చుకుంటుంది. ఆ జెండాని ఎవరో ఒకరు కుట్టాలి. మా కారియాకూ దీవిలో, కనీసం మా ఒడ్డున, ఆ మనిషి ఇస్మే బెడో. చిన్నవాళ్లందరికీ ఆమె టాంటీ, అంటే అత్త. నాకు దాదాపు ఈడుది కాబట్టి నేను ఇస్మే అనేవాణ్ని. ఆమె నన్ను అందరిలాగే మేస్త్రీ అనేది.

ఆమె తండ్రి తెరచాపలు కుట్టేవాడు. తల్లి పత్తి చేలో పనికి పోతే, ఇంట్లో పెద్దపిల్ల కాబట్టి తమ్ముళ్లని బడి గేటు దాకా దిగబెట్టడం ఇస్మే వంతు. ఆ గేటు లోపలికి ఆమె ఎప్పుడూ వెళ్లలేదు. ఇంటికొచ్చి తండ్రి పక్కన కూర్చుని, సూది నెట్టడానికి అరచేతికి తొడుక్కునే తోలుపట్టీ తనూ తొడుక్కునేది. తండ్రి పోయాక ఆ పట్టీ ఆమె చేతికే వచ్చింది. ఆమె వేసిన కుట్టు గుడ్డ చిరిగినా ఊడేది కాదు. కాలం మారి, కొత్తరకం తెరచాపలు కుట్టేసినవే బయటినుంచి రావడం మొదలయ్యాక ఆమెకి మిగిలింది చిరుగులు కుట్టడం, జెండాలు కుట్టడం. చిరుగులు ఎవరైనా కుట్టొచ్చు. జెండాలు మాత్రం ఆమె దగ్గరికే వచ్చేవి.

అందుకు ఆమె కుట్టు ఒక్కటే కారణం కాదు. ఆమెకి చదువు రాదు. పడవల యజమానులకి కావలసింది అదే. యజమాని పట్టపగలే వచ్చి తలుపు మూసి, ఆమె గుడ్డలు కత్తిరించే బల్ల మీద సుద్దతో ఇంగ్లీషు అక్షరాల్లో పేరు రాసేవాడు. ఆమె ఒక్కొక్క ఆకారాన్నీ చూసి ఎర్రగుడ్డలో కత్తిరించేది. వరస తప్పకుండా వాటిని చేపల్లా ఒక దారానికి గుచ్చేది. అన్నీ అయ్యాక అతను బల్ల తుడిచేసి వెళ్లిపోయేవాడు. ఆమెకి పేరంటే గుండ్రంది ఒకటి, దువ్వెన లాంటిది ఒకటి, గాలం లాంటిది ఒకటి, అంతే. ఊరంతా ఎంత గుచ్చిగుచ్చి అడిగినా ఆమె దగ్గర పొక్కడానికి ఏమీ ఉండేది కాదు.

మా దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడు గోడ్విన్ ఒక పడవ కట్టించాడు. కట్టింది నేనే. ఆ సంవత్సరం అతను ఏం పేరు పెడతాడో ఊహించడం ఎవరికీ కష్టం కాదు, అయినా అందరూ తెలియనట్టే ఉన్నారు. పేరు పొడుగైతే గుడ్డ మీద రెండు వరసలుగా కుట్టాలి. ఇస్మే తెల్లగుడ్డని నిలువునా మడిచి, దారాన్ని మధ్యకి మడిచి, అక్షరాలు అటు సగం ఇటు సగం వచ్చేలా చూసి, పై వరస కింద వరస తూకం వేసినట్టు కుట్టింది. ఆమె ఎప్పుడూ అలాగే చేసేది.

జ్ఞానతల్లి తాడు లాగింది. జెండా విచ్చుకుంది. పైన 'ఇండిపె', కింద 'ండెన్స్'.

చదవడానికి నోళ్లు తెరిచిన జనం ఒక్కసారి ఆగిపోయారు. పై వరస నోట్లోకి వచ్చింది గానీ కింద వరస ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికీ నాలుక తిరగలేదు. ఆ నిశ్శబ్దంలో ఎవరో సన్నగా "ఇండిపీ" అన్నారు. ఇక నవ్వులు ఆగలేదు. ఆ పడవకి ఈరోజుకీ మా ఒడ్డున ఇండిపీ అనే పేరు.

గోడ్విన్ మంచివాడు, కోపం తెచ్చుకోలేదు. ఇస్మే దగ్గరికొచ్చి, "నువ్వేం చేస్తావ్ టాంటీ, నీకు అక్షరం రాదుగా" అని ఓదార్చాడు. గొర్రెమాంసంలో మంచి ముక్క ఏరి ఆమె పళ్లెంలో వేయించాడు. ఆ ముక్క గొంతు దిగలేదని ఆమె తర్వాత నాతో అంది. తిట్టి ఉంటే తినేదట.

ఆ వారంలోనే, మధ్యాహ్నం ఎండకి నా మనుషులు భోజనాలకి పోయాక, ఆమె బాదంచెట్టు కింద నా దగ్గరికి వచ్చింది. ఆమె చేతిలో గోడ్విన్ జెండాకి కత్తిరించగా మిగిలిన ఎర్రగుడ్డ ఉంది.

"మేస్త్రీ, తప్పెక్కడుంది?"

నేను ఒక చెక్కముక్క మీద ఆ పేరు సుద్దతో రాసి, ఆమె విరిచినచోట గీత గీశాను.

"ఇక్కడ కోశావ్."

"మధ్యలోనే కదా కోసింది. మడతపెట్టి మరీ చూశాను."

"ఆ మడతే తప్పు" అన్నాను.

నాకు మాటలతో చెప్పడం చేతకాదు. లేచి, కడుతున్న పడవ దగ్గరికి తీసుకెళ్లి, పలకలు బిగించే వంపు కర్రలు, దాని పక్కటెముకలు చూపించాను. ఒక పలక అయిపోయి ఇంకో పలక మొదలయ్యే చోటు ఎప్పుడూ ఎముక మీదే పడాలి. రెండు ఎముకల నడుమ ఖాళీలో పలక ఆపితే మేకు దిగడానికి చోటుండదు, మొదటి అలకే నోరు తెరుస్తుంది. పలకలన్నీ సమానంగా ఉన్నాయా లేదా అని ఏ మేస్త్రీ చూడడు, ఎముక ఎక్కడుందా అని చూస్తాడు. పొడుగు మాటకీ లోపల ఎముకలుంటాయని, కోత వాటి మీద పడాలని చెప్పాను.

ఆమె చాలాసేపు ఆ పలకల చివర్లని వేలితో తడుముతూ నిలబడింది. తర్వాత నాకు చదువు నేర్పుతావా అని అడిగింది. చర్చి గదిలో పెద్దవాళ్ల కోసం సాయంత్రం తరగతి మొదలైంది, అక్కడ పలకా పుస్తకం కూడా ఇస్తున్నారు, వెళ్లమన్నాను.

"తరగతికి వెళ్తే ఊరికి తెలుస్తుంది. ఊరికి తెలిస్తే నా చేతికి పేరెవడిస్తాడు?"

నేర్పుతానన్నాను.

నేనూ బడిలో నేర్చుకున్నవాణ్ని కాదు. దుంగల మీద కొట్టిన ముద్రలు, సిమెంటు బస్తాలు, రంగు డబ్బాలు, పడవల వెనక రాసిన పేర్లు, ఇవే నా పుస్తకాలు. అందుకని నాకు వచ్చిన దారిలోనే ఆమెకి చెప్పాను. ఆకారాలన్నీ ఆమె చేతికి ముందే తెలుసు, ఇన్నేళ్లుగా కత్తిరిస్తోంది. దేని చప్పుడేదో తెలియదు, అంతే. అది త్వరగానే వచ్చేసింది. చిన్నమాటలు వచ్చాయి. పొడుగు మాట చూస్తే మాత్రం బెదిరిపోయేది.

పొడుగు మాటని ఒక్కసారే చూడొద్దని చెప్పాను. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా పలకమన్నాను. గడ్డం దిగి చేతికి తగిలిన ప్రతిసారీ ఒక ముక్క. ఇన్, డి, పెండ్, ఎన్స్. ఆమె పలికింది. మళ్లీ పలికింది. ఆమె కుట్టిన పేరే అది. నా నోరు ఇన్నిసార్లు తెరుచుకుంటుందని నాకు తెలియదు మేస్త్రీ, అని నవ్వింది.

ఆ అలవాటు ఆమెకి అంటుకుపోయింది. కొట్టు ముందు బస్తా కనిపించినా, చర్చిలో రాతిపలక కనిపించినా గడ్డం కిందకి చెయ్యి పోయేది. ఇస్మేకి పన్ను నొప్పి అని ఊళ్లో పుకారు పుట్టింది. ఆమె పక్కింట్లో క్లోటిల్ ఉండేది. ఇస్మే కూతురికి జ్ఞానతల్లి కాబట్టి ఆ ఇద్దరూ ఒకరినొకరు మాక్మే అని పిలుచుకునేవారు. క్లోటిల్ దోసెడు లవంగాలు తెచ్చి ఇచ్చింది. కాదంటే ఎందుకని అడుగుతుంది. ఇస్మే వాటిని నోట్లో వేసుకుని నమలాల్సి వచ్చింది. ఆ ఏడాదంతా ఆమె దగ్గర లవంగాల వాసన వచ్చేది.

ఒకరోజు మోకాళ్లకి రాసుకునే మందు సీసా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. దాన్ని మేమందరం గుర్రం మందు అంటాం. సీసా మీద గుర్రం బొమ్మ ఉంటుంది మరి. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, బొమ్మ కింద పూతమందుకి ఉన్న ఇంగ్లీషు మాటని ముక్కముక్కగా పలికి వినిపించింది. ఎం, బ్రొ, కే, షన్. నేను ఆ మాట ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. అసలు నేనే దాన్ని ఎప్పుడూ పూర్తిగా చదవలేదు. ఇద్దరం కాసేపు ఆ సీసాని చూస్తూ కూర్చున్నాం.

అప్పుడు ఇంకో సంగతి చెప్పాను. గడ్డం దిగిన ప్రతిచోటా కోయొచ్చు, కానీ అన్ని చోట్లూ ఒకటి కాదు. గోడ్విన్ పడవ పేరులో 'డిపెండ్' అనేది తనంతట తాను నిలబడగల మాట. దాని అర్థం ఒకరి మీద ఆనుకోవడం. ముందు 'ఇన్' తగిలిస్తే ఎవరిమీదా ఆనుకోకపోవడం అవుతుంది. వెనక 'ఎన్స్' తగిలిస్తే ఆ స్థితికి పేరవుతుంది. పడవలో అడుగుదుంగ ఒకటే, ముందు ముక్కు ఒకరు చెక్కుతారు, వెనక పలక ఒకరు బిగిస్తారు. అలాగే ఇదీ.

"అంటే లంగాలో అసలు గుడ్డ ఒకటి. పైన నడుంపట్టీ వేరే, కింద కుచ్చు వేరే" అంది ఆమె. కాస్త ఆగి, "కుచ్చు విప్పాలంటే కుట్టు దగ్గరే విప్పాలి. మధ్యలో కత్తెర పెడితే గుడ్డ పాడు" అంది.

నేను అంతసేపు తంటాలుపడి చెప్పింది అదే. ఆ తర్వాత నేను ఆమెకి నేర్పింది పెద్దగా లేదు.

కొన్నాళ్లకి మా ఒడ్డునే ఉండే హాలిస్ అనే అతని పడవ మొదలైంది. అంతకు ముందు అతనికి ఒక మంచి పడవ ఉండేది. తుఫానులో పగడపు రాళ్ల రీఫు మీదకి ఎక్కి ముక్కలైంది. మనిషి బతికి బయటపడ్డాడు, చేతిలో ఇంకేమీ మిగల్లేదు. ఊరు మరూన్ పెట్టింది. మరూన్ అంటే అందరూ కలిసి పనిచేసి కలిసి తినే రోజు. ఒకరు పెరట్లో దేవదారు చెట్టు ఇచ్చారు, ఒకరు మేకులు ఇచ్చారు. సెప్టిమస్ అని ఒకడున్నాడు, మాట కరుకు. తన పడవ కోసం గయానా నుంచి అడుగుదుంగ తెప్పించుకుని ఎండకి పగలకుండా ఇసుకలో పాతిపెట్టుకున్నాడు. దాన్ని తవ్వి తీసి, "నాది ఇంకో రెండేళ్లకి చూసుకుందాంలే, ఇది ఎండలో పగిలిపోయేలా ఉంది" అని హాలిస్ ముందు పడేసి పోయాడు. ఆ దుంగలో ఒక్క పగులు కూడా లేదు. చెక్కింది నేను, నాకు తెలుసు.

ఈస్టర్ దాటాక హాలిస్ ఇస్మే ఇంటికి వెళ్లి, తలుపు మూసి, బల్ల మీద పేరు రాశాడు. ఆమె ఎప్పట్లాగే కత్తెర పట్టుకుని చూసింది. ఈసారి దువ్వెనలూ గాలాలూ కనిపించలేదు. మాట కనిపించింది. చదవకూడదని అనుకున్నా ఆపుకోలేకపోయిందట. చూపు బల్లమీద పడేసరికే అది చదివేసుకుందని నాతో చెప్పింది. గడ్డం కిందకి పోబోయిన చేతిని ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని, ఒక్కొక్కటే కత్తిరించింది. హాలిస్ బల్ల తుడిచేసి లేచాడు.

"టాంటీ, నీ చేతిలో పేరు పెడితే లంగరు నీళ్లలో వేసినట్టే. ఇంక నాకు దిగుల్లేదు."

అతను వెళ్లాక ఆమె ఆ దారానికున్న అక్షరాలని ఒళ్లో వేసుకుని కూర్చుంది. జీవితంలో మొదటిసారి ఆమె దగ్గర దాచడానికి ఏదో ఉంది. అది తేలిక కాదు. క్లోటిల్ ఊరుకునే మనిషి కాదు. ఆ వారమే కొబ్బరిరొట్టె వేడివేడిగా పట్టుకుని దిగింది. మొదట రొట్టె గురించి, తర్వాత హాలిస్ పెళ్లాం గురించి, తర్వాత తిన్నగా జెండా గురించి.

"చదువు రాకపోతే ఏం మాక్మే, ఆకారాలైనా చెప్పు. మొదటిది ఎలా ఉంది? నేను కూడబలుక్కుంటా."

"గుడ్డ తెల్లది, దారం ఎర్రది. నాకు తెలిసిందంతే."

"గుండ్రంవి ఎన్ని?"

"రొట్టె బాగుంది."

"నీకు పెట్టడం ఇసకలో పోసినట్టే" అంది క్లోటిల్. మరుసటి వారం కందుల కూర తెచ్చింది. ఆ పై వారం కూకూ అనే మొక్కజొన్న సంకటి తెచ్చింది, కొండెక్కిన మేకని దించినట్టు బతిమాలింది. ఇస్మే అన్నీ తింది. పన్ను ఇంకా తగ్గలేదా అని క్లోటిల్ అడిగినప్పుడు మాత్రం లేదంది.

పేరు దాచడం ఒక కష్టమైతే, ఆమెకి అంతకంటే పెద్ద కష్టం వేరే ఉంది. అది నాకు ఒక మధ్యాహ్నం తెలిసింది. నేను హాలిస్ పడవ పలకల సందుల్లో నీళ్లు దూరకుండా నార కూరుతున్నాను. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"మేస్త్రీ, అతుకు మధ్యలో రాకపోతే?"

"రాకపోతే ఏముంది. అది ఎక్కడుంటే అక్కడే."

"ఒక వరస పొడుగు, ఒక వరస పొట్టి అవుతాయి."

"అవ్వనీ."

"నేను కుట్టిన జెండాల్లో ఒక్కటీ అలా లేదు. చూసినవాళ్లకి తెలిసిపోతుంది."

అప్పుడు అర్థమైంది. మాట అతుకు చూసి కోస్తే, ఆమెకి చదువు వచ్చని జెండాయే ఊరందరికీ చెప్పేస్తుంది. ఆ రోజుతో ఆమె చేతికి పేర్లు రావడం ఆగిపోవచ్చు. ఎప్పట్లా మడత పెట్టి సగానికి కోస్తే ఎవరూ ఏమీ అనరు. పాపం టాంటీ అని మాంసం ముక్క వేస్తారు. జెండాలు వస్తూనే ఉంటాయి. హాలిస్ పడవ పేరు మాత్రం జీవితాంతం ముక్కలైపోయి ఉంటుంది.

పేరేమిటో నాకు తెలియదు, ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఏం చెయ్యమంటావని కూడా ఆమె అడగలేదు. నేను నార కూరుతూనే ఉన్నాను. ఆమె నా చేతులవైపు చూస్తూ, "ఆ సందు అడుగున ఉంది కదా, పైన రంగేస్తే ఎవరికి కనిపిస్తుంది? అంత గట్టిగా కొడతావెందుకు?" అంది.

"నీళ్లకి తెలుస్తుంది" అన్నాను.

ఆమె లేచి గౌనుకంటిన ఇసుక దులుపుకుని వెళ్లిపోయింది.

పడవ దించే రోజు తెల్లవారేసరికి ఒడ్డున పొగలు లేచాయి. పెద్ద కుండల్లో అన్నం, గొర్రెమాంసం, కందులు. డ్రమ్ములవాళ్లు తోలు వేడిచేసుకుంటున్నారు. పాదిరీ వచ్చి ముక్కు నుంచి వెనక పలక దాకా పవిత్రజలం చల్లాడు. పడవ రెండువైపులా ఊతకర్రల మీద నిలబడి ఉంది. జెండా కొయ్య మీద చుట్టి కట్టి ఉంది. ఇస్మే వెనక వరసలో, నిమ్మచెట్ల నీడలో నిలబడింది. చెయ్యి గడ్డం కింద లేదు. రెండు చేతులూ ఛాతీమీద కట్టుకుని ఉంది.

హాలిస్ మేనత్త జ్ఞానతల్లి. ఆవిడ తాడు లాగింది. ముడి జారింది. గాలి గుడ్డని ఒక్క ఊపులో విప్పింది.

పై వరస గుడ్డ ఈ చివర నుంచి ఆ చివరకి నిండుగా 'టుగెదర్'. కింద వరస, మధ్యలో, పొట్టిగా, 'నెస్'.

కలిసుండటం. ఊరంతా ఒక్క నోటితో చదివేసింది. ఎవరి నాలుకా తడబడలేదు. సాయంత్రం తరగతికి వెళ్తున్న ముసలివాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు గట్టిగా చదివారు, వాళ్లకదే ఆనందం. శంఖాలు ఊదారు. హాలిస్ ఎటు చూడాలో తెలియక సముద్రంవైపు తిరిగి నిలబడ్డాడు. సెప్టిమస్ తన పాదాలవైపు చూసుకున్నాడు. నేను జెండాని చూశాను. నెస్ అనే ఆ చిన్న తోక ఎక్కడ కుట్టాలో సరిగ్గా అక్కడే విడిగా కుట్టి ఉంది. సగానికి మడిస్తే మాట టుగెదర్ గొంతు మీదే తెగి ఉండేది.

చప్పుడు కాస్త తగ్గాక క్లోటిల్ గొంతు వినిపించింది.

"మాక్మే, ఇది నీ మడత కాదే."

చుట్టుపక్కలవాళ్లు జెండావైపు చూశారు, తర్వాత ఇస్మేవైపు చూశారు. పొడుగు వరస, పొట్టి వరస. ఒకరికొకరు చెప్పుకోనవసరం లేకపోయింది. అది ఎలా జరిగిందో మెల్లిగా అందరికీ తట్టింది. సెప్టిమస్ తల ఎత్తాడు. అడుగుదుంగ ఇచ్చేసినా, అతను మళ్లీ దుంగ తెప్పించుకున్నాడని, వచ్చే ఏడు తన పడవ మొదలుపెడతాడని అందరికీ తెలుసు.

"ఎప్పటినుంచి టాంటీ? నువ్వు చదువుతున్నది?"

"ఇండిపీ నుంచి" అంది ఇస్మే.

"మాకు చెప్పాలిగా. మా పేర్లు నీ దగ్గర పెడుతున్నాం."

"చెప్తే పెట్టేవాడివా?"

ఇస్మే ముందుకు వచ్చింది. ఆమె గొంతు పెద్దది కాదు, కానీ ఆ పూట అందరికీ వినిపించింది.

"ఈ పేరు ఈస్టర్ దాటినప్పటినుంచి నా దగ్గర ఉంది. చదివాను. చదవకుండా ఉండలేకపోయాను. ఎవరి చెవినైనా పడిందా?"

క్లోటిల్ రెండు చేతులూ నడుమ్మీద పెట్టుకుంది.

"ఎవరి చెవిన పడుతుంది? నేను రొట్టె పెట్టాను, కూర పెట్టాను, కూకూ పెట్టాను. అన్నీ తింది, మూతి తుడుచుకుంది. పైగా రాని పన్ను నొప్పికి నా లవంగాలన్నీ నమిలింది."

నవ్వులు లేచాయి. ఇండిపీ రోజున నవ్వినట్టు కాదు ఇది. హాలిస్ వచ్చి ఇస్మే చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి పట్టుకునే నిలబడ్డాడు. సెప్టిమస్ మాత్రం అరచేతుల్లో ఉమ్ముకుని గొడ్డలి తీసుకుని ఊతకర్రల దగ్గరికి నడిచాడు. ఇక పని నాది. ఏ కర్ర ముందు తెగాలో నేను కేకేసి చెప్పాను, గొడ్డళ్లవాళ్లు నరికారు. పడవ నెమ్మదిగా పక్కకి ఒరిగి, ఇసుకలో పరిచిన దొర్లుడు దుంగల మీద కూర్చుంది. తాడు పట్టుకోని చెయ్యి ఆ ఒడ్డున లేదు. పాట ఎత్తుకున్నారు. లాగారు. మధ్యాహ్నానికి పడవ నీళ్లలో తేలింది.

తర్వాతి రోజులు మాత్రం నేననుకున్నంత బాగా లేవు. ఊళ్లో ఎవరూ ఇస్మేని ఏమీ అనలేదు. కొట్టు దగ్గర బస్తాల మీద రాసింది చదివి పెట్టమని ముసలివాళ్లు అడిగేవారు, ఆమె చదివి పెట్టేది. జెండా పని మాత్రం ఒక్కటీ రాలేదు. అవతలి ఒడ్డున ఒక పడవ దిగింది. దాని జెండా ఎక్కడో బయట కుట్టించారని తెలిసింది. ఇస్మే వాకిట్లో కూర్చుని చిరుగులు కుట్టుకునేది. చదివినందుకు విచారిస్తున్నావా అని ఒకసారి అడిగాను. "కుట్టినందుకా, చదివినందుకా?" అని నన్నే అడిగింది. రెండిటికీ లేదని తనే తల అడ్డంగా ఊపి సూదిలో దారం ఎక్కించుకుంది. సాయంత్రాలు చర్చి గది తరగతికి వెళ్లడం మొదలుపెట్టింది. ఇక దాచాల్సిన పని లేదు కదా. అక్కడ పొడుగు మాట వస్తే గదిలో అందరూ గడ్డాల కింద చేతులు పెట్టుకుంటున్నారని విన్నాను.

సెప్టిమస్ పడవ అనుకున్నట్టే మరుసటేడు మొదలై, ఆ పై ఏడు సిద్ధమైంది. చివరి పలక బిగించాక ఒక ఉదయం అతను నా దగ్గరికి వచ్చి, నాతో రా మేస్త్రీ అన్నాడు. ఎక్కడికని అడగలేదు. అతని చంకలో తెల్లగుడ్డ మడత ఉంది. ఇస్మే వాకిట్లో ఉంది. మేం రావడం చూసి లేచింది. లోపలికి నడిచి, కత్తిరించే బల్ల మీద ఉన్న గుడ్డపేలికలు పక్కకి నెట్టి, సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టింది. తను వెళ్లి తలుపు దగ్గర నిలబడింది.

సెప్టిమస్ సుద్ద వైపు చూశాడు. తీసుకోలేదు.

"నా చేతిరాత నీకు తెలుసుగా టాంటీ. నేను రాస్తే మళ్లీ ఇంకో ఇండిపీ అవుతుంది. నువ్వే రాసుకో."

అని ఆమె దగ్గరికి వెళ్లి, వంగి, టోపీ తీసి అడ్డం పెట్టుకుని, ఆమె చెవిలో ఏదో చెప్పాడు. నాకు వినిపించలేదు. వినిపించుకోవాలని కూడా నేను చూడలేదు.

ఇస్మే నిలబడే కళ్లు మూసుకుంది. ఆమె చెయ్యి మెల్లగా గడ్డం కిందకి వచ్చింది. పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. గడ్డం దిగింది, లేచింది, దిగింది. పొడుగు పేరే.

కళ్లు తెరిచి, సెప్టిమస్ చంకలోంచి గుడ్డ లాక్కుంది.

"ఈ గుడ్డ చాలదు" అంది. "ఇంకో మూర తీసుకురా."